ఎగువగుట్ట దోవకు ఎన్ని పళ్లు?

మదనపల్లె దాటాక కొండలు మొదలయ్యే చోట ఇనాయతుల్లా ఉస్తాద్ షెడ్డు ఉండేది. వయసులో ఉన్నప్పుడు ఆయన చాలా మోటారుసైకిల్ పందేల్లో పాల్గొన్నాడు. తరువాత బండి నడపడం, బండి విప్పి బిగించడం రెండూ నేర్పుతూ స్థిరపడ్డాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఒక సంగతి నవ్వుతూ చెప్పుకుంటారు. ఉస్తాద్‌ను ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు ఆ పూటకు రాదు. "చూస్తాంలే అబ్బీ" అని మళ్లీ పనిలోకి తల వంచుతాడు. అడిగినవాడు ఆ ప్రశ్న మరచిపోయిన తరువాత ఎప్పుడో, ఏదో ఒక సందర్భంలో, జవాబు ఎదురుపడుతుంది.

ఆ శిష్యుల్లో చెంగల్రాయుడు చెయ్యి తిరిగినవాడు. చదును మైదానంలో జరిగే పందేల్లో అతని పేరు అప్పటికే నలుగురికీ తెలుసు. అతని దగ్గర ఒక చిన్న టూ స్ట్రోక్ బండి ఉండేది. మట్టిదారుల కోసం తేలిగ్గా కట్టిన బండి. అలాంటిదే, అదే అచ్చుదే, ఉస్తాద్ దగ్గర కూడా ఒకటి ఉండేది. చూడడానికి కవలపిల్లల్లా ఉన్నా నడకలో రెండింటికీ పొంతన లేదు. ఉస్తాద్ తన బండి చైనుకు ముందువైపు చిన్న పళ్లచక్రం, వెనక కంచమంత పెద్ద పళ్లచక్రం వేసుకున్నాడు. కార్బురేటరునూ సైలెన్సర్ గొట్టాన్నీ ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడే లాగేట్టు సర్దాడు. ఆ బండి ఎంత తిప్పినా పెద్ద వేగం అందుకోదు. చెంగల్రాయుడి బండి దానికి పూర్తిగా విరుద్ధం. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు లాగుడే ఉండదు. ఇంజిన్ కేక పెట్టే దాకా తిప్పితే మాత్రం వెనకనుంచి ఎవరో తోసినట్టు ఒక్కసారిగా దూసుకుపోతుంది.

ఒకరోజు చెంగల్రాయుడు ఉండబట్టలేక అడిగాడు.

"ఉస్తాద్, రెండు ఇంజిన్లూ ఒకటే. రోడ్డెక్కితే నా బండి మీ బండికి రెట్టింపు పోతాది. దేవుడిచ్చిన బలాన్ని మీరెందుకు చంపి పెట్టుకున్నారు?"

ఉస్తాద్ అతని వైపు చూసి, "చూస్తాంలే అబ్బీ" అన్నాడు.

ఆ వేసవిలోనే కొండ కింది పల్లెల్లో గొర్రెలకు పారుడు రోగం తగిలింది. ముక్కు కారడం, నోరు పుండ్లు పడడం, విరేచనాలు, మూడోనాడో నాలుగోనాడో పడిపోవడం. సోకిన మందను కాపాడుకోవడం కష్టం. సోకని మందకు ముందుగా టీకా వేస్తే మాత్రం నిలబడుతుంది. కొండమీద ఎగువగుట్ట అనే చిన్న ఊరుంది. మూడు కుటుంబాలు, మూడు మందలు. గొర్రెలు తప్ప వాళ్లకు ఇంకొక బతుకుతెరువు లేదు. ఎండలకు పైన నీళ్లు ఇంకిపోయి, వాళ్ల మందలు కూడా కొండ మధ్యలో ఉన్న చెలమకే దిగి వస్తున్నాయి. కిందివాళ్ల మందలు తాగేదీ ఆ చెలమలోనే.

పశువుల డాక్టరు సుభాషిణి టీకా సీసాలు ఐసుపెట్టెలో పెట్టుకుని పొద్దున్నే ఉస్తాద్ షెడ్డు దగ్గర జీపు దిగింది. జీపు ఇక ముందుకు పోదు. ఎగువగుట్టకు ఉన్నది కాలిబాట. బండరాళ్ల మధ్య మెలికలు తిరుగుతూ, కొన్నిచోట్ల మెట్టు మీద మెట్టు ఎక్కినట్టు ఉంటుంది.

"నడిచి పోతే ఎండెక్కేసరికి ఐసు కరిగిపోతుంది బాబాయ్. వేడి తగిలితే ఈ మందు నీళ్లతో సమానం. ఎవరైనా బండి మీద చేర్చగలరా?" అని అడిగింది.

చెంగల్రాయుడు అప్పటికే హెల్మెట్ చేతిలోకి తీసుకున్నాడు. "నేను పోతా ఉస్తాద్."

"పోదువులే. నా బండి తీసుకుపో."

"మీ బండి మీద పోతే నడిచి పోయినట్టే. ఐసు కరిగేదానికే కదా ఆమె భయపడేది?"

ఉస్తాద్ వాదించలేదు. డాక్టరు వైపు తిరిగి, "అమ్మా, మందు రెండు పెట్టెల్లో సర్దు. ఒకటి వాడు తెస్తాడు, ఒకటి మనం తెస్తాం" అన్నాడు. షెడ్డులో ఉన్న ఇంకొక థర్మాకోల్ పెట్టెలోకి ఆమె సగం సీసాలు, సగం ఐసు మార్చింది. ఆ మాట విని చెంగల్రాయుడికి మొహం కొంచెం మాడింది. పెట్టెను వెనక సీటుకు గట్టిగా కట్టుకుని, వాళ్లు బయలుదేరకముందే దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయాడు.

కొండ కింది చదును అతను కన్నుమూసి తెరిచేలోగా దాటేశాడు. మొదటి మెలిక దగ్గర బండి మొదటిసారి ఆగిపోయింది. ఆ మలుపులో మనిషి నడిచేంత నెమ్మదిగా తిరగాలి. ఆ నెమ్మదిలో అతని ఇంజిన్‌కు ఊపిరి లేదు. మళ్లీ స్టార్టు చేశాడు. ఈసారి ఆగకుండా ఉండాలని యాక్సిలరేటర్ బాగా తిప్పి, క్లచ్ సగం పట్టుకుని లాగించాడు. బండి ముందు కదల్లేదు, తరువాత ఒక్క ఉదుటున ఎగిరి పొదలోకి దూరింది. కాళ్లు ఆనించి బయటికి లాగాడు. అలా ఒక్కొక్క మెలికా యుద్ధమైంది. చల్లటి పొద్దున చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. చెలమ దాటేసరికి క్లచ్ ప్లేట్లు కాలిన వాసన మొదలైంది. అతను ఆగి చల్లారనిచ్చి ఉంటే సరిపోయేది. కానీ కింద, తాపీగా, ఒకే శ్రుతిలో వస్తున్న ఉస్తాద్ బండి చప్పుడు అతని చెవిన పడింది. తన కంటే ముందు ఆ బండి పైకి చేరడం అతను ఊహించుకోలేకపోయాడు.

మెట్లలా ఉన్న బండల దగ్గర ఇంజిన్‌ను కేక పెట్టించి ఎక్కించబోయాడు. వెనకచక్రం రాతిమీద గిర్రున తిరిగింది, పట్టు దొరికింది, ముందుచక్రం ఆకాశం చూసింది. బండి వెల్లకిలా పడింది. చెంగల్రాయుడు పక్కకు దొర్లి తప్పించుకున్నాడు. పెట్టె తప్పించుకోలేదు. బండి బరువంతా దానిమీదే పడింది. మూత ఎగిరిపోయి, ఐసు ముక్కలు వెచ్చటి బండమీద చెల్లాచెదరై కళ్లముందే తడి మరకలైపోయాయి. సీసాలు దాదాపు అన్నీ పగిలాయి.

ఉస్తాద్ వచ్చేసరికి అతను మోకాళ్లమీద కూర్చుని గాజుపెంకుల్లో వెతుకుతున్నాడు. డాక్టరు బండి దిగి పరుగున వచ్చింది. ముందు అతని చెయ్యి పట్టుకుని విరగలేదని చూసుకుంది, తరువాత పెట్టె చూసింది. పగలని రెండు మూడు సీసాలు ఏరి తన పెట్టెలోని ఐసులో పెట్టింది.

"నువ్వు నడిచి రా" అన్నాడు ఉస్తాద్. డాక్టరును ఎక్కించుకుని ఆ బండలమీదికే బండిని తోలాడు. ఇంజిన్ గొంతు పెంచలేదు. ముందుచక్రం ఒక మెట్టు ఎక్కింది, వెనకచక్రం దాన్ని అనుసరించింది. ఏటవాలు మరీ ఎక్కువైన చోట డాక్టరు దిగి నడిచింది, బండి ఆమె పక్కనే, ఆమె నడకతోనే నడిచింది.

చెంగల్రాయుడు ఊరు చేరేసరికి టీకాలు వేయడం సగమైంది. పిల్లలూ పెద్దలూ గొర్రెలను ఒక్కొక్కటిగా పట్టుకొస్తున్నారు. రెండు మందలకు మందు సరిపోయింది. మూడోది గంగులప్ప అనే పెద్దాయనది. ఆయన తన మందను కంచెలో నిలిపి, వరుసలో చివరివాడిగా, తువ్వాలు నెత్తిన వేసుకుని నిలబడి ఉన్నాడు.

డాక్టరు ఖాళీ పెట్టె మూసి ఆయన దగ్గరికి వెళ్లింది. "మందు అయిపోయింది తాతా. జిల్లానుంచి మళ్లీ తెప్పించాలంటే వారం పైనే పడుతుంది. అంతదాకా నీ మందను చెలమకు దింపొద్దు. కిందిమందలు తిరిగిన చోటికే పోనివ్వొద్దు."

"చెలమకు పోకుంటే నీళ్లెట్లమ్మా?" అన్నాడు గంగులప్ప.

చెంగల్రాయుడు ముందుకు వచ్చాడు. మందు ఎందుకు చాల్లేదో ఇంకెవరైనా చెప్పకముందే తానే చెప్పాలనిపించింది.

"నీ మందకు రావల్సిన మందు నా చేతిలో పగిలిపోయింది పెద్దాయనా. బండి ఎక్కించలేక పడేసినాను."

గంగులప్ప అతని చిరిగిన చొక్కాను, గీరుకుపోయిన మోచేతిని చూశాడు. "నీకేం కాలేదు గదా నాయనా?" అన్నాడు.

తిట్టి ఉంటే చెంగల్రాయుడు తట్టుకునేవాడేమో. ఆ మాటకు తల దించుకున్నాడు. "నీళ్లు నేను తెస్తా. మందు వచ్చేదాకా దినమూ తెస్తా" అన్నాడు. గంగులప్ప నమ్మినట్టూ కాదు, నమ్మనట్టూ కాదు, తల ఊపాడు.

ఆ సాయంత్రం అతను బండిని తోసుకుంటూ షెడ్డుకు చేరి, కూర్చోకుండానే దాన్ని విప్పడం మొదలుపెట్టాడు. ఉస్తాద్ ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. క్లచ్‌కు కొత్త ప్లేట్లు పడ్డాయి. ముందు పళ్లచక్రం చిన్నదైంది, వెనకది పెద్దదైంది, చైను పొడవు పెంచారు. కార్బురేటరు సర్దేటప్పుడు ఉస్తాద్ అతని చేతిని పక్కకు తోసి, "చెవి పెట్టి విను. తిప్పిన వెంటనే తడబడకుండా అందుకోవాల. మూలిగిందా, ఇంకా సర్దాల" అన్నాడు. పందేల సైలెన్సర్ తీసి, మూల పడి ఉన్న పాతగొట్టం బిగించారు.

మర్నాటినుంచి చెంగల్రాయుడు షెడ్డు దగ్గరి బోరునీళ్లు డబ్బాల్లో పట్టి, రెండు పక్కలా కట్టుకుని ఎగువగుట్ట ఎక్కాడు. రోజంతా కిందికీ పైకీ అదే పని. మొదటి రోజు డబ్బాల్లో సగం దోవలోనే ఒలికిపోయింది. చేతికి పాత అలవాటు వదల్లేదు, మలుపు కనిపిస్తే యాక్సిలరేటర్ తిప్పేవాడు. పోనుపోను చెయ్యి తగ్గింది. ఏ బండకు ముందు ఎక్కడ కుదురుకోవాలో, ఏ మెలికలో బండిని దాని మానాన వదిలేయాలో తెలిసివచ్చింది. ఒకనాడు డబ్బాలు నిండుగా పైకి చేరాయి. గంగులప్ప మూతలు తీసి చూసి, "ఈపొద్దు దోవ తాగలేదే!" అని నవ్వాడు. గొర్రెలు తొట్టి చుట్టూ తోసుకుంటూ తాగుతుంటే చెంగల్రాయుడు పక్కనే బండమీద కూర్చుని, ఆఖరి గొర్రె తల ఎత్తేదాకా చూశాడు.

అందరూ భయపడినట్టే చెలమకు దిగే కిందిమందల్లో చాలా గొర్రెలు పోయాయి. గంగులప్ప మందలో ఒక ముసలి గొర్రె ఎండకు పోయింది, ఒక పిల్ల ఎందుకు పోయిందో డాక్టరుకే అంతుపట్టలేదు. మిగిలినవి నిలబడ్డాయి. కొత్త మందు వచ్చిన రోజున సుభాషిణి ఐసుపెట్టెను తానే తెచ్చి చెంగల్రాయుడి బండికి కట్టింది. రెండో పెట్టె అడగలేదు. ఎగువగుట్టలో మూత తీసినప్పుడు ఐసు ఇంకా గట్టిగానే ఉంది.

వానలు పడి చెలమ నిండాక ఎగువగుట్టకు నీళ్లు మోసే పని తీరింది. ఆ తరువాత కొన్నాళ్లకు అనంతపురం మైదానంలో పందెం ఉందని కబురొచ్చింది. ప్రతి ఏడూ ఎగిరి గంతేసే చెంగల్రాయుడు ఈసారి కదలలేదు. మిగతా శిష్యులు బండ్లు సిద్ధం చేసుకుంటుంటే తన బండిని శుభ్రంగా తుడిచి, ఉస్తాద్ ముందు నిలబెట్టాడు.

"నాకు బుద్ధొచ్చింది ఉస్తాద్. ఇంక ఈ పళ్లచక్రాలు విప్పేది లేదు. పందెమైనా, కొండైనా, ఏ దోవైనా ఇట్లే పోతా. నిదానం కంటే గొప్పది లేదు."

అతను మెప్పుకోసం చూస్తున్నాడని అక్కడున్నవాళ్లందరికీ అర్థమైంది. ఉస్తాద్ ఆ బండి చుట్టూ ఒకసారి తిరిగి, చైను బిగువు వేలితో నొక్కి చూసి, నడుము నిటారు చేసుకున్నాడు.

"మొన్నటిదాకా నీకు వేగం గొప్ప. ఇప్పుడు నిదానం గొప్ప. ఎన్ని పళ్ల చక్రం వేయాల్నో చెప్పేది పోయే దోవ, దాని చివర కాచుకునుండేవాళ్లు. పోయేది ఎవరి దగ్గరికని మాత్రం ఇంకా అడగలేదే అబ్బీ."