సుడిగాలి చివరి పందెం

పూర్వం ఒక రాజ్యంలో సుడిగాలి అనే ఆడగుర్రం ఉండేది. అది బరిలో దిగిందంటే పొరుగురాజుల గుర్రాలు ముందే ఓడిపోయినట్టు లెక్క. అలాంటిది, ముసలిదై కాలు కుంటుపడేసరికి అశ్వశాల అధికారి వీరపనాయకుడు, "పరిగెత్తలేనిదానికి ఉలవలు దండగ. అడవికి తోలెయ్యండి" అన్నాడు.

శాలలో గడ్డి వేసే ఓబులమ్మ ఆ మాట వింది. నేరుగా రాజు దగ్గరికి వెళ్లింది.

"మారాజా, మన శాల గుర్రాలతోనే దానికి ఆఖరి పందెం పెట్టించండి. ఓడితే నేనే అడవికి తోలేసి వస్తాను. గెలిస్తే, అది బతికినన్నాళ్లూ నాయకులవారే తమ చేత్తో ఉలవలు పెట్టాలి."

రాజు సరేనన్నాడు. అది విని నాయకుడు పగలబడి నవ్వి, అన్నిట్లోకీ మేలైన గుర్రాన్ని తానే ఎక్కాడు.

పందెం మొదలైంది. సుడిగాలి మెడలో గంట మోగించుకుంటూ, కుంటుకుంటూ కదిలింది. తక్కిన గుర్రాలన్నీ దాని వెనకే బుద్ధిగా నడిచాయి. నాయకుడు డొక్కలో పొడిచాడు, కొరడా ఝుళిపించాడు. ఊహూఁ, ఆయన గుర్రం కూడా సుడిగాలిని దాటలేదు!

రాజు విస్తుపోయాడు. "ఏం మంత్రం వేశావమ్మా?"

"మంత్రమేముంది మారాజా! ఇవన్నీ దాని బిడ్డలే. పాలు తాగే రోజుల నుంచీ ఆ గంట వెనకే ఏటికి తోలుకెళ్లేదాన్ని. పరుగు నేర్పిన తల్లిని దాటిపోవడం వాటికి చేతకాదు. ఆ విద్య మనుషులకే వచ్చు."

మర్నాడు ఉలవల గంపతో వచ్చిన నాయకుడి చేతిని సుడిగాలి ప్రేమగా నాకింది. దానికి మేలే గాని కీడు గుర్తుండదు మరి!