కంప్యూటర్ లేవనన్న రోజు

"నా కంప్యూటర్ మీద చెయ్యి వేసి పడగొట్టినవాడెవడో సాయంత్రంలోగా తేలాలి. వాడు ఈ రాజ్యం పొలిమేర దాటాలి!"

సంపెంగపురం మహారాజు చిత్రభాను నిండు కొలువులో ఇలా ఆజ్ఞ చేయగానే సభ వణికింది. వణక్కపోతే బాగుండదు కాబట్టి వణికింది. రాజ్యభారమంతా ఆ కంప్యూటరే మోస్తోందని మంత్రులు చెబుతారు. అందులో మహారాజు పేకాట తప్ప మరొకటి ఆడగా చూసినవారు మాత్రం లేరు.

అది విజయదశమి మర్నాడు. కంప్యూటర్ చచ్చిందని చెప్పడానికీ లేదు, బతికిందని చెప్పడానికీ లేదు. గోడ స్విచ్ వేయగానే దీపం వెలిగేది. లోపల ఫ్యాను గుర్రుమనేది. అంతలోనే అన్నీ ఆరిపోయేవి. ఎన్నిసార్లు వేసినా అదే వరస.

అందరి చూపూ రాయసం తిప్పన మీద పడింది. రాజుగారి ఉత్తర్వులు ఆ కంప్యూటర్లో టైపు చేసేది అతనే. మహారాజు తర్వాత దాన్ని ముట్టుకునే హక్కు ఉన్నది అతనికొక్కడికే. కాబట్టి పొలిమేర దాటే యోగమూ అతనికొక్కడికే ఉంది.

ముందుగా ఆస్థాన యంత్రవిశారదుడు గుణభద్రం రంగంలోకి దిగాడు. ఆయన సభలోకి వచ్చేముందు ఆయన బిరుదు వస్తుంది. బిరుదు కూర్చున్నాక ఆయన కూర్చుంటాడు.

గుణభద్రం కంప్యూటర్ చుట్టూ తిరిగి, మానిటర్ మార్పించాడు. ఫలితం లేదు. కొత్త కీబోర్డు తెప్పించాడు. అదీ అంతే. బల్ల దిక్కు బాగాలేదని నలుగురు భటుల చేత దాన్ని తూర్పుకు తిప్పించాడు. ఈసారి కంప్యూటర్ తూర్పు ముఖంగా ఆరిపోయింది.

చివరికి ఆయన కళ్ళజోడు తీసి, గొంతు తగ్గించాడు.

"మదర్‌బోర్డు పోయింది, ప్రభూ."

మహారాజు సింహాసనం మీంచి దిగ్గున లేచారు. "అయ్యో! తల్లి పోయిందా? మరి మనకు మైల ఉంటుందా?"

"మైల ఉండదు ప్రభూ. ఖర్చు ఉంటుంది."

"నిన్న పూజలో నిక్షేపంగా ఉందే! ఎలా పోయింది?"

"ఈ తిప్పన మొరటు చేతుల వల్ల. పొద్దస్తమానం టపటపా కొడుతుంటే ఏ తల్లి మాత్రం ఎంతకని ఓర్చుకుంటుంది?"

తిప్పన నోరు విప్పలేదు. జబ్బేమిటో తెలియక కాదు. అది అతనికి పొద్దున్నే తెలిసిపోయింది.

నిన్న ఆయుధపూజలో కత్తులకూ ఫిరంగులకూ పురోహితుడు బొట్లు పెట్టాడు. కంప్యూటర్‌కి మాత్రం మహారాజు స్వయంగా పెట్టారు. గుండ్రంగా మెరుస్తున్న పవర్ బటన్ ఆయన కంటికి నుదురులా కనిపించింది. గంధం దట్టంగా అద్ది, బొటనవేలితో గట్టిగా నొక్కి, పైన కుంకుమ దిద్దారు. రాత్రికి గంధం ఎండింది. నొక్కిన బటన్ నొక్కినట్టే బిగుసుకుపోయింది. బటన్‌ని అలా అదిమిపెట్టి ఉంచితే ఏ కంప్యూటరైనా ఇలా వెలిగి అలా ఆరిపోతుంది.

రోగం చెప్పడం సులువే. చెయ్యి ఎవరిదో చెప్పడమే కష్టం. మహారాజు తప్పు మహారాజుకే వినిపించి, తిరిగి ఇంటికెళ్ళి భోంచేసినవాడు ఆ రాజ్యంలో ఇంతవరకూ లేడు.

"ఏమోయ్ తిప్పనా, ఉలకవు, పలకవు! తప్పు ఒప్పుకున్నట్టేనా?"

"మదర్‌బోర్డు క్షేమం ప్రభూ. పిల్లాపాపలతో సహా క్షేమం. కంప్యూటర్ మర్యాద పాటిస్తోంది, అంతే."

"మర్యాద ఏమిటయ్యా?" గుణభద్రం నవ్వాడు. "యంత్రానికి మర్యాదా?"

తిప్పన ఆయన వైపు చూడలేదు. "ప్రభూ, మనం పెద్దవాళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టాం అనుకోండి. వాళ్ళు తల మీద చెయ్యి పెట్టి దీవిస్తారు. ఆ చెయ్యి తీయకముందే లేచి నిలబడతామా?"

"ఛఛ, ఎలా నిలబడతాం? అది పద్ధతేనా?"

తిప్పన చేతులు కట్టుకున్నాడు.

"నిన్న తమరు దీవించి పెట్టిన చెయ్యి ఇంకా తీయలేదు ప్రభూ! పాపం, అది లేవబోతోంది. తమ చెయ్యి తగిలి మళ్ళీ కూర్చుంటోంది."

మహారాజు తన బొటనవేలు చూసుకున్నారు. ఆ తర్వాత కంప్యూటర్ బొట్టు చూశారు.

"మరి ఆ చెయ్యి తీయడం ఎలాగోయ్?"

"తడిగుడ్డతో, ప్రభూ."

తిప్పన గోడ స్విచ్ ఆపి, గుడ్డ తడిపి గట్టిగా పిండి, గంధాన్ని మెల్లగా తుడిచాడు. అంచున ఇరుక్కున్న పెళ్ళను గోటితో గీకాడు. టిక్కుమంటూ బటన్ బయటికి వచ్చింది. పొడిగుడ్డతో ఒత్తి, స్విచ్ వేశాడు.

"ఇప్పుడు తమరే నొక్కండి ప్రభూ. నొక్కి, వదిలేయండి."

మహారాజు నొక్కి వదిలారు. ఫ్యాను గుర్రుమంది. ఈసారి ఆగలేదు. తెర వెలిగింది. సభ చప్పట్లు కొట్టింది.

గుణభద్రం అక్కడ ఊరుకుంటే సరిపోయేది. బిరుదు ఊరుకోనివ్వలేదు.

"ప్రభూ, వీడి తెగువ చూశారా! చెయ్యి వేసి పడగొట్టింది తమరేనని నిండు సభలో తేల్చాడు! ఆజ్ఞ ప్రకారం నేరం తమదే అవుతుంది కదా!"

చప్పట్లు ఠక్కున ఆగాయి. మహారాజు కనుబొమలు ముడిపడ్డాయి.

తిప్పన రెండు చెవులూ మూసుకున్నాడు.

"శివశివా! నేను దీవెన అన్నాను ప్రభూ. నేరం అన్నది విశారదులవారు."

మహారాజు గుణభద్రం వైపు తిరిగారు. "ఏం విశారదా, నేను చేసింది దీవెనా? నేరమా?"

"దీ... దీవెనే ప్రభూ! మహా దీవెన!"

మహారాజు పొట్ట పట్టుకుని నవ్వారు. చేతి కంకణం తీసి తిప్పనకు తొడిగారు. రాజుగారు నవ్వారు కనుక సభంతా నవ్వింది. అందరికంటే బిగ్గరగా నవ్వవలసి వచ్చింది మాత్రం గుణభద్రానికే.