గాడిద చుట్టూ గడ్డి

ఒక ఊళ్ళో పిల్లలకి బొమ్మల కథలు రాసే తల్లి ఉండేది. కథా ఆవిడదే, బొమ్మా ఆవిడదే. ప్రతి కథలోనూ ఒకటే గాడిద. దాని చుట్టూ మోకాళ్ళ దాకా పచ్చగడ్డి.

ఆ గడ్డికి కారణం కొడుకొక్కడికే తెలుసు. "గిట్టలు వెయ్యడం నాకు చేతకాదురా, కాస్త గడ్డి గీసేస్తే ఎవరడుగుతారు?" అని నవ్వేది తల్లి. నిజంగానే ఎవరూ అడగలేదు. వసుదేవుడంతటివాడు వచ్చినా పట్టుకోవడానికి కాళ్ళు లేని గాడిద అది. అందుకే కథల్లో ఎక్కడికీ వెళ్ళేది కాదు. రాజైనా, దొంగైనా, చివరికి వానైనా దాని దగ్గరికే రావాలి.

తల్లి పోయింది. కుంచె కొడుకు చేతికి వచ్చింది. కుంచెతో పాటు ఊరంతా వచ్చి పడింది. అదీ అతని ఖర్మ.

కొడుకు చాకిరేవు దగ్గర కూర్చుని గిట్టలు గీయడం నేర్చుకున్నాడు. గాడిదకి నాలుగు కాళ్ళూ శుభ్రంగా వేసి, అది కొండ ఎక్కే కథ ఒకటి రాశాడు. పెద్దలు బొమ్మ చూసి ముఖాలు చిట్లించారు.

"గడ్డేదీ?" అన్నాడు కిళ్ళీకొట్టాయన.

"గడ్డి లేదండీ. కొండ ఎక్కుతోంది."

"మీ అమ్మ గాడిద ఏనాడైనా కొండ ఎక్కిందటయ్యా? ఆ గడ్డిలో ఎంత అర్థం ఉంది! దాని మీద నేను ఉపన్యాసం కూడా ఇచ్చాను," అన్నారు పంతులుగారు.

'చేతకాక వేసిందండీ బాబూ!' అని నోటిదాకా వచ్చింది. పోయిన తల్లిని నలుగురిలో ఎలా అంటాడు? చెప్పేవాడికి వినేవాడు లోకువ. కొండ చెరిపేసి గడ్డి వేశాడు. ఆ తర్వాతి కథకీ గడ్డే, దాని తర్వాతి కథకీ గడ్డే. పచ్చరంగు చూస్తేనే అతనికి ఒళ్ళు మండేది.

ఒక మధ్యాహ్నం బొమ్మలోంచి గాడిదే విసుక్కుంది.

"మళ్ళీ గడ్డేనా నాయనా? మీ అమ్మకైతే చేతకాలేదు. నీకేం రోగం?"

"ఊరు ఒప్పుకోదే."

"ఇందులో నిలబడేది ఊరా, నేనా?"

కొడుకు కుంచె తీసి, ఆ గడ్డి మీదే నాలుగు గిట్టలూ వేశాడు. గాడిద ఒక్కో కాలూ ఎత్తి చూసుకుంది. కాగితం అంచు దాటి, బల్ల దిగి, గడప దాటి వీధిన పడింది. వెళ్ళొస్తానని కూడా అనలేదు. ఎంతైనా గాడిద! వీధిలో పిల్లలంతా కేకలేసుకుంటూ దాని వెంట పడ్డారు.

సాయంత్రం పెద్దలు బొమ్మ చూడ్డానికి వచ్చారు. కాగితం మీద ఉత్త గడ్డే ఉంది. పంతులుగారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఇప్పటికి దారికొచ్చావయ్యా! అచ్చం మీ అమ్మ చెయ్యే!"

మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. లోపల ఒక్క పిల్లాడూ లేడని ఎవరికీ తోచలేదు.

కొడుకు ఆ కాగితం పంతులుగారి చేతిలోనే వదిలేశాడు. "ఇది మీరే ఉంచుకోండి," అని చెప్పి, చెప్పులు వేసుకుని, కేకలు వినిపిస్తున్న వైపు పరిగెత్తాడు.