రాజుగారు కూడా చెయ్యెత్తారు

ఒకానొక రాజ్యంలో చండకేతుడనే రాజు ఉండేవాడు. ఆయన పాలన ఫరవాలేదుగాని, పాటే జనానికి ప్రాణసంకటం.

ఒకనాడు ఆయన నడివీధిలో కచేరీ పెట్టి రాగం తీస్తుండగా, మజ్జిగమ్మే ముసలి గురవమ్మ కిసుక్కున నవ్వింది. రాజుకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు ఆమెను సభకు పట్టి తెప్పించి, "దీన్ని దేశం నుంచి వెళ్లగొట్టండి!" అన్నాడు.

ధర్మాధికారి వెన్నయ్య అడ్డుపడ్డాడు. "మహాప్రభూ, తమ తాతగారి శాసనంలో ఏడో వాక్యం చూడండి. నిందితులు చెప్పుకొనేది వినకుండా ఎవరినీ శిక్షించరాదు."

వింటే ఆ ముసలిది నిండుసభలో ఏం కూస్తుందో రాజుకు తెలియనిది కాదు. "శాసనాన్ని రాజూ సభా కలిసి సవరించవచ్చని కూడా తాతగారే రాశారు. ఏడో వాక్యం కొట్టేయండి!" అన్నాడు.

ఆ సభకో ఆచారం ఉంది. మంత్రి చేతికర్ర నేలకు తాటించగానే నూరుమందీ చెయ్యెత్తాలి. అందరికంటే ముందు ఎత్తేది రాజే. కర్ర మోగింది, చేతులు లేచాయి, ఏడో వాక్యం గోవిందా!

వెన్నయ్య లోలోపల అనుకున్నాడు, ఇవాళ గురవమ్మ, రేపు ఇంకెవరో! పైకి మాత్రం నవ్వుతూ, "సభకు ఇంత అధికారం ఉందని తెలియక ఇన్నాళ్లూ ఊరకున్నాను ప్రభూ. నావీ రెండు మూడు సవరణలున్నాయి. ఆ కర్ర ఇటిప్పించండి" అన్నాడు.

టక్! "నేటి నుంచి వంకాయకు ముళ్లుండరాదు." నూరు చేతులూ లేచాయి.

టక్! "అమావాస్యనాడు వెన్నెల కాయాలి." మళ్లీ లేచాయి. రాజు హుషారెక్కి రెండు చేతులూ ఎత్తేశాడు.

టక్! "ఈ రాజ్యానికి రాజు ఉండాలన్న మొదటి వాక్యం కొట్టివేయడమైనది."

లేచాయి. రాజుగారి చెయ్యి అందరికంటే ముందు లేచింది.

వెన్నయ్య సింహాసనం దగ్గరికి పోయి వినయంగా, "అయ్యా, ఆ కిరీటం ఇలా ఇచ్చి కిందికి దిగండి. ఇంతకీ తమరెవరు?" అన్నాడు.

"ఏమిటీ చోద్యం!" రాజు కిరీటాన్ని గట్టిగా పట్టుకున్నాడు. "ఆ వాక్యం తీసేస్తే శాసనంలో ఇంకేం మిగిలింది? అది పునాదయ్యా, పునాది!"

"ఆ మాట తమ నోటనే రావాలని చూస్తున్నాను. ఇల్లు బాగుచేసుకొమ్మంటే పెంకులు మార్చవచ్చు, గది కలుపుకోవచ్చు, పునాది తవ్వకూడదు. మొదటి వాక్యం ఎంతో ఏడోదీ అంతే. వాటిని కొట్టేసే అధికారం ఈ సభకు లేదు, తమకూ లేదు. ఇదే నా తీర్పు."

రాజు మీసం నిమురుకున్నాడు. చివరికి గురవమ్మ వైపు తిరిగి, "సరే, చెప్పవే! ఎందుకు నవ్వావు?" అన్నాడు.

"మీరు పాట ఎత్తుకోగానే మా గేదె పలుపు తెంపుకొని పరుగో పరుగు మారాజా! నేనూ పోదామంటే మీ భటులు కదలనియ్యలేదు. దానికున్న అదృష్టం నాకు లేకపాయెనే అని నవ్వొచ్చింది."

రాజు ముఖం ఎర్రబడింది. తరవాత బుగ్గలు అదిరాయి. ఆపైన పొట్ట పట్టుకొని, కళ్ల నీళ్లు కారేలా నవ్వాడు. వెన్నయ్య చేతికి బంగారు కంకణం తొడిగాడు. గురవమ్మ గేదెను వెతికి తెప్పించి, కొత్త పలుపు కూడా ఇప్పించాడు.

ఆ సంతోషంలో అక్కడికక్కడే ఒక రాగం అందుకున్నాడు కూడా. దాన్ని ఆపించే అధికారం ఏ వాక్యంలోనూ దొరకలేదు, పాపం వెన్నయ్యకు.