చెవక్క తవ్వించిన సందు

ఒకప్పుడు మనిషి తలలో చెవికీ గొంతుకీ మధ్య దారి లేదు. ఇరుగుపొరుగే, కానీ మధ్యలో గట్టి గోడ. చెవక్క విన్న మాట గొంతు తమ్ముడికి చేరాలంటే బుర్ర చుట్టూ తిరిగి రావాల్సిందే. అదేమో నత్తనడక.

ఆ కాలంలో సముద్రం ఒడ్డున ఒక పల్లెలో పైడమ్మ అనే పిల్ల ఉండేది. దీపాలు పెట్టే వేళకి వాళ్ళ మామ్మ నూకాలమ్మ కథ మొదలుపెట్టేది. కథ వినేవాళ్ళు ఊ కొట్టాలి కదా! ఊ కొట్టకపోతే నూకాలమ్మ కథ ఒక్క అడుగు కూడా ముందుకు వెయ్యదు.

"తప్పిపోయిన పిల్లోడు కొండెక్కినాడు," అంది మామ్మ ఒకరోజు.

చెవక్క వింది. ఊ కొట్టమని తమ్ముడికి కబురు పంపింది. కబురు బయల్దేరింది. బయల్దేరి, ఇంకా దారిలోనే ఉంది.

మామ్మ కాసేపు చూసింది. "ఏటే, ఊ కొట్టవు? నిద్దరొస్తందా? కథ ఆపీమంటావేటి?"

సరిగ్గా అప్పుడే కబురు చేరింది. "ఊ!" అన్నాడు గొంతు తమ్ముడు, ఎంతో హుషారుగా.

మామ్మ చాప చుట్టేసి లేచి వెళ్ళిపోయింది.

రోజూ ఇదే వరస. కొండెక్కిన పిల్లాడు కొండమీదే ఉండిపోయాడు. వాడు ఇల్లు చేరాడో లేదో తెలియక పైడమ్మకి అన్నం సయించలేదు. చెవక్కకైతే ఏడుపే వచ్చింది.

"ఒరే తమ్ముడూ, గోడకి సందు పెడదాంరా. నేను విన్నది నీకు వెంటనే చెప్పేస్తాను."

"పెడదాం గానీ అక్కా, సందంటూ ఉంటే నీ ఇంటికి నేనొక్కణ్ణే రాను. నా ఇంటికొచ్చే చుట్టాలూ వస్తారు. ఆలోచించుకో."

"రానీరా, చుట్టాలొస్తే సందడేగా!"

చుట్టాల్లో ఎలాంటివాళ్ళుంటారో పాపం చెవక్కకి తెలియదు. ఇద్దరూ కలిసి సన్నటి సందు తవ్వారు. పైడమ్మ చిన్నపిల్ల కదా, ఆ సందు పొట్టిగానే ఉంది.

ఆ రోజు మామ్మ ఇలా చెప్పగానే పైడమ్మ అలా "ఊ" అంది. మామ్మ మురిసిపోయింది. పిల్లాడు కొండ దిగాడు. ఏటి ఒడ్డుకి వచ్చాడు. ఏరేమో పొంగుతోంది.

"ఏరు దాటినాడో లేదో రేపు సెప్తాను," అంది మామ్మ.

ఆ రేపు పైడమ్మ వానలో గెంతులేసింది. ఇంకేం, జలుబు బావగారు దిగబడ్డాడు. పిలవని పేరంటం! ముక్కులోంచి వచ్చి గొంతులో మకాం పెట్టాడు. గొంతు వాచి ఎర్రబడింది. మింగితే మంట. అంతటితో ఆగాడా? "ఇటేదో సందుందే!" అంటూ చెవక్క ఇంటివైపు నడిచాడు. సందు కూడా వాచి మూసుకుపోయింది. చెవక్క ఇంట్లోకి కొత్తగాలి రాదు, లోపల ఊరిన నీరు బయటికి పోదు. పోటు మొదలైంది.

"మామ్మా, సెవిపోటే! నువ్వు సెప్పింది ఇనబడ్డం లేదే!" అని ఏడ్చింది పైడమ్మ.

చెవక్క మండిపడింది. "అంతా నీ వల్లే తమ్ముడూ! ఈ సందు రాళ్ళతో పూడ్చేస్తాను. ఇక నీకూ నాకూ చెల్లు!"

"చుట్టాలొస్తారని ముందే చెప్పాను కదక్కా," అన్నాడు తమ్ముడు బొంగురుగా.

పక్కింటి అప్పలకొండ కాచిన నూనె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఇది సెవిలో పోసీ, పిన్నీ."

"నూనొద్దు, పుల్లొద్దు. సెవిలో ఏటీ ఎట్టకూడదు," అంది నూకాలమ్మ. "పోటు సెవిలో ఉన్నా, వొచ్చింది గొంతులోంచే. ముందు దాని సంగతి సూద్దాం."

గోరువెచ్చటి నీళ్ళలో ఉప్పు వేసి పుక్కిలించి ఉమ్మించింది. వెచ్చటి గంజి కొంచెం కొంచెంగా తాగించింది. గుడ్డ వేడిచేసి, తన చెంపకి ఆనించి చూసుకుని, చెవి మీద పెట్టింది. తలకింద ఎత్తు పెట్టి పడుకోబెట్టింది.

పైడమ్మ గుటక వేసినప్పుడల్లా సందు రవ్వంత తెరుచుకునేది. వాపు మెల్లగా దిగింది. చివరికి ఒక గుటకకి చెవిలో "టప్" మంది! జలుబు బావగారు చెప్పాపెట్టకుండా జారుకున్నాడు.

"ఇదేం వింతరా తమ్ముడూ? వైద్యం నీకు చేస్తే హాయి నాకొచ్చిందేం?" అంది చెవక్క. అలా అన్నదే గానీ, పూడ్చడానికి తెచ్చిన రాళ్ళు ఇంకా ఒళ్ళోనే ఉన్నాయి.

అంతలో మామ్మ గొంతు వినిపించింది. "పిల్లోడు ఏరు దాటీసినాడు. ఆళ్ళమ్మ ఎదురొచ్చి ఎత్తుకుంది."

చెవక్క సంతోషం పట్టలేక ఒక్క గెంతు గెంతింది. రాళ్ళన్నీ జారిపోయాయి. మళ్ళీ ఏరుకోలేదు. జలుబు వస్తే రానీ, సందు మాత్రం ఉండాల్సిందే అనుకుంది.

అప్పటినుంచే గొంతునొప్పి వెంట చెవిపోటు కూడా వస్తోంది. సందు పొట్టిది కాబట్టి పిల్లలకే ఎక్కువ. గొంతుకి వెచ్చగా ఉపచారం చేస్తే చెవికీ సుఖం. జ్వరం ఎక్కువైనా, చీము కారినా, రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా మామ్మ వైద్యం చాలదు, డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాల్సిందే. చెవిపోటని మనం చెవి చూపిస్తే, ఆయన "ఏదీ, నోరు తెరు" అనడమూ అప్పటినుంచే.