ఏటి గట్టున తల్లుల బారు

ఏరు పొంగి అడవిని ముంచేసింది. చాలామంది తల్లులొక గట్టునా, వాళ్ల పిల్లలొక గట్టునా చిక్కుకుపోయారు. వరద తీశాక ఏనుగు భారయ్య పిల్లలందరినీ ఇవతలికి మోసుకొచ్చాడు. ఏ పిల్ల ఎవరిదో తేల్చే పని మాత్రం నక్క జంబయ్య తన నెత్తిన వేసుకున్నాడు.

తల్లులను ఎండలో బారుగా నిలబెట్టాడు. ఒక పిల్లను తెచ్చి "నీదా? నీదా?" అంటూ మొదటి తల్లి నుంచి చివరి తల్లి దాకా తిప్పేవాడు. మధ్యలో తల్లి దొరికినా ఆగేవాడు కాదు. ఆ తర్వాతే ఇంకో పిల్ల. పాలు లేక సొమ్మసిల్లిన వాటిని "వైద్యం చేయిస్తా" అంటూ పొదల వెనక్కి తీసుకుపోయేవాడు.

మేక చుక్కమ్మ పొదుగు రాయిలా గట్టిపడింది. జంబయ్య ఆమె ముందు గేదెదూడను నిలబెట్టి "నీదా?" అన్నాడు.

"కళ్లు పోయాయా నీకు? దూడను మేకనెందుకు అడుగుతున్నావ్?"

"పద్ధతమ్మా. అందర్నీ అడగాలి."

"నీ పద్ధతి తగలెయ్య! బిడ్డ పక్కనే ఉన్నవాళ్లనూ ఈ బారులో ఎందుకు నిలబెట్టావ్? అక్కడ నా బిడ్డ గొంతెండి చస్తోంది!"

"తొందరపడితే తప్పులొస్తాయి, చుక్కమ్మా."

చుక్కమ్మ అతన్ని కొమ్ములతో పక్కకు నెట్టేసింది.

"పిల్లలు తప్పిపోనివాళ్లు బయటికి నడవండి! మేకలు బండ దగ్గరికి, గేదెలు మడుగు పక్కకి, జింకలు మద్దిచెట్టు కిందికి, గొర్రెలు దిబ్బ మీదికి! భారయ్య బాబాయ్, పిల్లల్నీ అలాగే విడదీసి పంపు!"

బండ దగ్గర నల్లచెవులవాళ్లను ఒకవైపు, తెల్లచెవులవాళ్లను ఒకవైపు నిలబెట్టింది. ఇక వెతుక్కోవడానికి ఎంతసేపు? చూస్తుండగానే పిల్లలు పొదుగుల్లో తలలు దూర్చాయి. చుక్కమ్మ బిడ్డా తాగుతోంది.

జింకల్లో ఒక తల్లి, గొర్రెల్లో ఇద్దరు తల్లులు ఒంటరిగా మిగిలారు.

"ఏట్లో కొట్టుకుపోయి ఉంటాయి," అన్నాడు జంబయ్య.

"నోర్ముయ్!" భారయ్య ఘీంకరించాడు. "ఆ మూడు పిల్లల్నీ నా వీపు మీద తెచ్చాను!"

వెళ్లి పొదలు పెకలించాడు. జింకపిల్ల ఇంకా ఊపిరి పీలుస్తోంది. దాని పక్కన గొర్రెపిల్లలు లేవు, రక్తం అంటిన ఉన్ని ఉంది.

"ఈ ఆలస్యమంతా దీనికా!" చుక్కమ్మ అరుపుకి తల్లులందరూ కదిలారు. జంబయ్య పరుగెత్తబోయాడు. ఎటు తిరిగినా కొమ్ములే. చివరికి భారయ్య తొండంతో ఎత్తి అతన్ని ఏటి సుడిలోకి విసిరేశాడు. పైకి తేలడం ఎవరూ చూడలేదు.

గొర్రెతల్లులు ఆ ఉన్నిని వదిలి రాలేదు.

నీతి: విడదీసి వెతికితే తేలిపోయే పనిని అందరి మీదా తిప్పేవాడుంటే, ఆ ఆలస్యం ఎవరి కడుపు నింపుతోందో ముందు చూడండి.