మణికట్టు మీద చెయ్యి

సువార్త మేడంని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, లేచి చెప్పులేసుకుంటారు. నర్సింగ్ స్కూల్లో ఆమె చెప్పేది శరీరధర్మశాస్త్రం. పాఠం గదిలో మొదలైనా ముగిసేది మాత్రం పక్కనున్న ఆసుపత్రి వార్డులోనే.

ఆ రోజు అడిగింది నాగవేణి. ఊపిరితిత్తుల పాఠం విన్నప్పటినుంచి ఆ పిల్లకి కంటిమీద కునుకు లేదు. తను గమనించకపోతే ఊపిరి ఆగిపోతుందేమోనని ప్రతి శ్వాసకీ కాపలా కాస్తోంది. ఊపిరిని మెదడు అడుగుభాగం దానంతటదే నడిపిస్తుందని పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లే. భయానికి మార్కులతో ఏం పని? చదువు మానేసి సాయంత్రం బస్సుకి ఇంటికి వెళ్ళిపోదామని పెట్టె కూడా సర్దేసుకుంది.

"మేడం, కాస్త ఏమరుపాటుగా ఉంటే ఊపిరి ఆగిపోదని నమ్మకం ఏమిటండీ?" అంది. నవ్వినవాళ్ళు నవ్వారు. మేడం చెప్పులేసుకున్నారు.

వార్డులో అప్పలస్వామి అనే రైసుమిల్లు కూలీ నిమ్ముతో పడుకుని ఉన్నాడు. అతని ఊపిరి లెక్కపెట్టమన్నారు మేడం. నాగవేణి వెళ్ళి ఆ మాటే అతనితో చెప్పేసింది. కొత్తవాళ్ళంతా చేసే పొరపాటే. అతను ఫొటో తీయించుకునేవాడిలా సర్దుకుని, నిదానంగా, నిండుగా పీల్చి వదిలాడు. బాగానే ఉందా నర్సమ్మా అని అడిగాడు కూడా. లెక్క బాగానే వచ్చింది. మేడం తల అడ్డంగా ఊపారు. ఈసారి నాడి చూస్తానని చెప్పి మణికట్టు పట్టుకోమన్నారు. కళ్ళు మాత్రం ఛాతీ మీద ఉంచమన్నారు.

నాగవేణి అలాగే చేసింది. ఊపిరి పరీక్ష అయిపోయిందనుకున్న అప్పలస్వామి కిటికీ వైపు తిరిగాడు. అప్పుడు బయటపడింది అసలు ఊపిరి. పొట్టిపొట్టిగా, తొందరతొందరగా వస్తోంది. పీల్చినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతోంది. తన చేతిలో ఉన్న ఆ చేతి గోళ్ళు నీలం తిరుగుతున్నాయి. అయినా నాగవేణి నిమిషం నిండేదాకా లెక్క తప్పలేదు. ఆ తర్వాత డాక్టరు కోసం పరిగెత్తింది. మంచం తలవైపు ఎత్తింది, ఆక్సిజన్ మాస్కు పెట్టడానికి సాయం పట్టింది. గోళ్ళ నీలం తగ్గేదాకా అక్కడినుంచి కదల్లేదు. ఆ మనిషి ఉంటాడో పోతాడో అన్న దిగులు తప్ప ఆమెకి ఇంకో ధ్యాస లేదు.

అప్పలస్వామి తెరిపిన పడ్డాక, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే మేడం వచ్చి పక్కన నిలబడ్డారు.

"ఇంతసేపూ నీ ఊపిరి ఎవరు చూసుకున్నారు?" అని అడిగారు.

ఇంతసేపూ తన ఊపిరి సంగతే మర్చిపోయానని నాగవేణికి అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చీ రాగానే పాత భయం మళ్ళీ పట్టుకుంది. తడి చెయ్యి దానంతటదే ఛాతీ మీదికి వెళ్ళింది.

మేడం ఆ చేతిని మెల్లగా తీసి కిందికి దించారు.

"ఇది ఇక్కడ వద్దు. పక్క మంచం ఆయన మణికట్టు మీద పెట్టు."